పులుపులో ముడుచుకునే గింజలు

మా పై గదిలో అద్దెకుండే నజ్మీన్ అంత పిరికిపిల్లను ఈ పర్చూరు చుట్టుపక్కల నేను చూడలేదు. గోడ మీద బల్లి కనబడితే గది బయటే నిలబడి "జ్యోతక్కా..." అని ఏడుపుగొంతుతో పిలుస్తుంది. కుక్క మొరిగితే నా వెనక చేరుతుంది. ఉరిమితే ఫోను కూడా ముట్టుకోదు. అలాంటి పిల్ల పొద్దున లేస్తే చేసే పని ఏమిటయ్యా అంటే, పురుగుమందుతో గింజలు చెయ్యడం. "బల్లికి భయపడేదానివి, విషంతో ఎట్టా వేగుతున్నావే తల్లీ?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. "బల్లి ఎటు దూకుద్దో తెలీదు కదక్కా. మందు ఎటు పోద్దో నాకు తెలుసు," అనేది.

నజ్మీన్‌ది వేటపాలెం. వాళ్ళమ్మ అమీర్‌బీ జీడిగింజలు పగలగొట్టే పనికి వెళ్తుంది. జీడి తగిలి ఆవిడ వేళ్ళు ఎప్పుడూ నల్లగా మాడిపోయి ఉంటాయి. నాన్న బుడాన్ వీపున పంపు కట్టుకుని ఊరూరా తిరిగి మిరపకీ పత్తికీ మందు కొట్టేవాడు. మా చేలో కూడా కొట్టాడట, మా మామయ్య ఉన్న రోజుల్లో. ఒక మధ్యాహ్నం గాలి ఎదురు తిరిగి, మందంతా మొహాన పడి, సాలు మధ్యనే కూలిపోయాడు. బతికాడు. బతికాడు గానీ ఇప్పటికీ టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంటేగాని నోటిదాకా రాదు. నజ్మీన్ అప్పుడు పదో తరగతి చదువుతోంది. మందు మనిషి మీద పడకుండా మొక్కకు మాత్రమే ఎట్లా అందుతుందన్న ఆలోచన అప్పుడు పట్టుకుంది ఆ పిల్లను, ఇంక వదల్లేదు. కెమిస్ట్రీ చదివింది, ఇక్కడికి దగ్గర్లోనే ఒక కాలేజీలో పరిశోధనకు చేరింది. వచ్చే పంటకు మా మిరపచేలోనే రెండు సాళ్ళలో తన గింజలు వేసి చూపిస్తానని మా ఆయన కోటేష్‌ను ఒప్పించి, మా పై గదిలోకి దిగింది.

ఆ గింజల సంగతి చెప్పకపోతే మీకేమీ అర్థం కాదు. జీడిచెట్టుకు కారే బంక, చింతపిక్కల పిండి, సముద్రపు నాచులోంచి తీసే ఒక పొడి, ఈ మూడూ కలిపి చిక్కటి జిగురు చేస్తుంది. దాన్లో మందు కలిపి, సిరంజిలో ఎక్కించి, కాల్షియం నీళ్ళలోకి బొట్టు బొట్టుగా వదులుతుంది. బొట్టు నీళ్ళలో పడగానే గుండ్రంగా గట్టిపడుతుంది. వాటిని వాళ్ళ సారు హైడ్రోజెల్ అంటాడు. మా అత్తయ్య సుబ్బరావమ్మ మాత్రం "నజ్మీన్ సగ్గుబియ్యం" అనేది. చూడ్డానికి అచ్చం అట్లాగే ఉండేవి మరి, నానిన సగ్గుబియ్యంలాగా.

ఒకరోజు వంటింట్లో నా పక్కన చేరి వాటి కిటుకు చూపించింది. మందు లేని ఖాళీ గింజలే తెచ్చింది. నేను చారుకు పిసికిన చింతపండు పులుసులో ఒకటి వేస్తే అది ముడుచుకుని ఆవగింజంత అయింది. బట్టలు నానబెట్టిన సబ్బునీళ్ళు గ్లాసులో పోసి ఇంకోటి వేస్తే, కాసేపటికి ఉబ్బి ఉబ్బి, వేలు పెడితే విడిపోయింది. "మన నల్లరేగడి క్షారం నేల అక్కా. సబ్బు కూడా క్షారమే. మొక్క మొదట్లో వేస్తే ఇది మెల్లిగా విచ్చుకుని, వేరుకు మందు కొద్దికొద్దిగా వదుల్తది. పంపు అక్కర్లా, గాల్లోకి పోదు, మనిషి ముట్టుకోడు. పంటయ్యేసరికి గింజ కూడా మట్టిలో మట్టయిపోద్ది. పులుపు తగిలిందా, నోరు తెరవదు. అందుకే పుల్లటి నీళ్ళలో కడిగి దాచిపెడతాం." ఇంతకీ ఇందుకా ఇన్నేళ్ళు చదివావు అని నవ్వాను. తనూ నవ్వింది.

మా వీధిలో ఒక పద్ధతుంది, అదీ చెప్పాలి. డాబాలన్నీ ఆనుకునే ఉంటాయి. ఎండాకాలం వస్తే ఒకరివి కారానికి మిరపకాయలు, ఒకరివి వడియాలు, ఒకరిది చింతపండు, అన్నీ పైనే. గాలివాన లేచిందంటే ఇంట్లో ఎవరుంటే వాళ్ళు పైకి పరిగెత్తి, ఎవరివని చూడకుండా అందరివీ ఎత్తేస్తారు. పంచుకునేది తర్వాత. పక్కావిడ మిరపకాయలు తడుస్తుంటే చూస్తూ నిలబడ్డదాన్ని మా వీధిలో మనిషి కింద లెక్కెయ్యరు. మోకాళ్ళ నొప్పులని మూలిగే మా అత్తయ్య కూడా మబ్బు పట్టిందంటే చాలు, మెట్లు రెండేసి ఎక్కేస్తుంది.

ఆ ఏప్రిల్‌లో ముందురోజు గాలికి కరెంటు స్తంభాలు పడిపోయి, నజ్మీన్ వాళ్ళ కాలేజీలో గింజలు ఆరబెట్టే మిషను ఆగిపోయింది. తడిమీద ఉంచితే బూజు పట్టి నెలల పని పోతుందని కంగారుపడి, ఒక గుడ్డలో తెచ్చి మా డాబా మీద ఓ మూల ఆరబోసింది. పైన వల కప్పి, నాలుగు వైపులా ఇటుకలు పెట్టింది. అత్తయ్యను పిలిచి మరీ చూపించింది. "ఇవి ఖాళీవి కాదు మామ్మగారూ, మందు పెట్టినవి. దయచేసి ముట్టుకోవద్దు, పాపను పైకి రానివ్వద్దు." "నాకు తెలీదంటే పిల్లా! ఆ ఛాయలకే పోను, నువ్వెళ్ళు," అంది అత్తయ్య. నిజంగానే ఆవిడ ఆ ఛాయలకు పోయేది కాదు, మబ్బు పట్టకపోతే.

మధ్యాహ్నం నేను స్నానానికి వెళ్ళాను. కోటేష్ కోల్డ్ స్టోరేజీలో మిరపబస్తాల పనిమీద గుంటూరు పోయాడు. మొగం కడుక్కుంటుండగా తలుపులు టపటపా కొట్టుకున్నాయి. దుమ్ము లేచింది. మా అత్తయ్య "వానోయ్! వాన!" అని అరుచుకుంటూ మెట్లెక్కడం వినబడింది. చీర చుట్టుకుని నేను బయటికొచ్చేసరికి పడాల్సిన నాలుగు చినుకులూ పడి, ఎండ కూడా వచ్చేసింది. ఆవిడ కిందికి దిగి, చెమట తుడుచుకుంటూ కూర్చుంది.

"ఎవరివీ తడవనివ్వలా. మనవీ, పక్కింటోళ్ళవీ, అన్నీ తెచ్చి పడేశా," అంది గర్వంగా.

అప్పుడే నజ్మీన్ గేటు తోసుకుని వచ్చింది. వాన చూసి కాలేజీ నుంచి పరిగెత్తుకొచ్చినట్టుంది, చున్నీ చెమటకు తడిసి భుజానికి అంటుకుపోయింది. నేరుగా పైకి పోయి, మళ్ళీ కిందికి వచ్చింది.

"మామ్మగారూ, నా గుడ్డేదండీ?"

"అన్నీ హాల్లో గంపలో ఉన్నయ్యే తల్లీ. గాలికి నీ వల ఎగిరిపోయింది. గుడ్డ కూడా పోతదేమోనని మన వడియాల పంచెలోనే పెట్టి చుట్టేశా."

ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఆవిడ మొహం మారిపోయింది. ఏం చేసిందో ఆవిడకు అప్పుడు తెలిసింది. ముగ్గురం ఒక్కసారే హాల్లోకి తిరిగాం.

మా హన్షిత గంప పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఐదేళ్ళ పిల్ల. సగం ఆరిన సగ్గుబియ్యం వడియాలంటే దానికి ప్రాణం. ఏ ఇంట్లో పిల్లలకు కాదు గనక! పుల్లమజ్జిగ పోసి, ఉప్పూ జీలకర్రా వేసి కాచిన వడియం పచ్చిగా జిగురు జిగురుగా ఉన్నప్పుడు తింటే ఆ రుచే వేరు. పంచె మీంచి ఒలుచుకుని తింటోంది. వేళ్ళు నాకుతోంది. లోపల గుడ్డ విడిపోయి, వడియాల నిండా నజ్మీన్ గింజలు అంటుకుని ఉన్నాయి. ఏది సగ్గుబియ్యమో ఏది విషమో తల్లినైన నాకు తెలీలేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లను లాక్కుని నోట్లో వేలు పెట్టి ఉన్నదంతా లాగేశాను. అది గుక్కపెట్టి ఏడ్చింది. "ఎన్ని తిన్నావే? ఎప్పట్నించి తింటున్నావే?" అని ఊపేస్తున్నాను. దానికేం తెలుసు. పంచె మీద ఒక మూలంతా ఖాళీగా ఉంది, అది మాత్రం నాకు కనబడింది.

మా ప్రాంతంలో పురుగుమందు తాగినవాళ్ళకు ఏం చేస్తారో అందరికీ తెలుసు. తెలియకపోతే బాగుండేది, కానీ తెలుసు. బట్టల సబ్బు నీళ్ళలో కలిపి నోట్లో పోస్తారు, కక్కేదాకా పోస్తారు. మా అత్తయ్య ఏడుస్తూనే పెరట్లోకి పోయి, సబ్బు అరగదీసి, నురగలు కక్కుతున్న గిన్నె పట్టుకొచ్చింది. నేను హన్షిని ఒళ్ళో అదిమి దవడలు పట్టుకున్నాను. గిన్నె దాని పెదాలకు తగలబోయింది.

నజ్మీన్ ఎగిరి ఆ గిన్నెను తన్నింది. ఇత్తడిగిన్నె గోడకు కొట్టుకుని మోగింది. సబ్బునీళ్ళు నా మొహాన పడ్డాయి.

నాకు ఒళ్ళు తెలీలేదు. లేచి నజ్మీన్ చెంప మీద ఈడ్చి కొట్టాను. "ఇంటికి విషం తెచ్చింది గాక, పిల్లను కాపాడుకుంటుంటే తంతావంటే? నువ్వు మనిషివేనంటే?" నోటికొచ్చినవన్నీ అన్నాను, ఇక్కడ రాయలేను. ఆ పిల్ల చెంప కూడా తడుముకోలేదు.

"కొట్టక్కా. తర్వాత ఎంతన్నా కొట్టు. సబ్బునీళ్ళు మాత్రం పొయ్యొద్దు. నీకు చూపించా కదక్కా! కడుపులో పులుపుంటది. పులుపులో అవి నోరు తెరవవు. సబ్బు పోశావంటే ఇప్పుడే తెరుచుకుంటయ్."

సబ్బునీళ్ళలో ఉబ్బి విడిపోయిన ఆ గింజ అప్పుడు గుర్తొచ్చింది నాకు. నా మొహం మీద నురగ కారుతూనే ఉంది, తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

"మరి పేగుల్లోకి దిగితే?" అన్నాను.

నజ్మీన్ పిల్లను ఎత్తి నా చేతికిచ్చింది. "అక్కడ పులుపుండదక్కా," అంది. "పోదాం పద. అక్కా, పద!"

పిల్లను భుజాన వేసుకుని పరిగెత్తాను. వసారా దాటుతుంటే నవారు మంచం కింద మా మందు డబ్బాలు కనబడ్డాయి, మా చేనికి కొట్టేవి. వాటి పక్కనే హన్షి బొమ్మల బుట్ట. ఇంటికి విషం తెచ్చావని అరిచానే, మా ఇంట్లో అది లేనిదెన్నడు? కానీ అప్పుడు సిగ్గుపడే తీరిక కూడా లేదు. వీధి చివర ఆటోలో కాళ్ళు బయటపెట్టి నిద్రపోతున్న ఖాజావలిని నజ్మీన్ కాలర్ పట్టి లేపింది. "బాబాయ్, చీరాల ఆసుపత్రికి! పాప మందు మింగింది!" అతను ఇంకోమాట అడగలేదు. అత్తయ్య ఆటో వెంట కొంతదూరం పరిగెత్తింది. తర్వాత కనబడలేదు.

దోవంతా హన్షి బాగానే ఉంది. అదే నన్ను చంపింది. ఏడుపు మర్చిపోయి, ఆటోకు వేలాడే కుచ్చులు లాగుతోంది. పొగాకు బేళ్ళ లారీ అడ్డమొస్తే "ఎంత పెద్దదో చూడమ్మా" అంటోంది. ఇంత నవ్వుతూ ఉన్న పిల్ల లోపల ఏముందో నాకు తెలుసు. ఏ క్షణాన ఏమవుతుందో తెలీదు. ఆవలిస్తే నా గుండె ఆగింది. కళ్ళు నలుపుకుంటే ఆగింది. "అమ్మా, దాహం" అంటే నీళ్ళివ్వాలో వద్దో తెలీక నజ్మీన్ వంక చూశాను. తల అడ్డంగా ఊపింది. నోట్లో నీళ్ళు లేక నా నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది, పిల్లకేం చెప్పను?

"నజ్మీన్, నిజం చెప్పు," అన్నాను. "అవి కడుపులో నిజంగా మూసుకునే ఉంటయ్యా?"

ఆ పిల్ల నా వైపు చూడలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"చెప్పవే!"

"పోయినసారి చేసినవి సగం కారిపోయినయ్ అక్కా. పుల్లటి నీళ్ళలో పెడితే మందు బయటికొచ్చేసింది. అందుకని బంక పాళ్ళు మార్చా. ఇవి కొత్తవి."

"కొత్తవి మంచివేనా?"

"ఇంకా పరీక్ష చెయ్యలా," అంది. "ఆరినాక చేద్దామని..."

నేను అరవలేదు. తిట్టలేదు. అప్పటిదాకా ఉన్న కోపం కాస్తా ఎటు పోయిందో పోయింది, ఉత్త భయమే మిగిలింది. పిల్లను ఒళ్ళో ఇంకా గట్టిగా అదుముకున్నాను. దాని పొట్ట నా చేతి కింద వెచ్చగా, మెత్తగా ఉంది. అక్కడే ఉన్నాయి అవి. ముడుచుకుని ఉన్నాయో, కారుతున్నాయో. నజ్మీన్ పెదాలు కదుపుతూ దువా చదువుకుంటోంది. నేను మా కోటప్పకొండ స్వామికి ఏవేవో మొక్కాను. ఏం మొక్కానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఖాజావలి హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా తోలాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసులో చిన్నదే. పిల్ల కళ్ళు చూసింది, నాడి చూసింది, గుండె విన్నది. "ప్రస్తుతానికి విషం లక్షణాలేవీ లేవండీ. ఏం మింగింది, ఎంతసేపయింది?" అంది. నేను చెప్పబోతే ఏడుపే వచ్చింది. నజ్మీన్ చెప్పింది. మందు పేరు, గింజ ఒక్కోదాంట్లో ఎంత ఉంటుందో, దేనితో చేసిందో, పులుపులో ఎట్లా ఉంటుందో, పేగుల్లోకి వెళితే ఏమవుతుందో. బల్లిని చూస్తే మాట రాని పిల్ల ఒక్క మాట తడబడకుండా చెప్పింది. చివర్న మాత్రం రెండు చేతులూ జోడించింది. "లక్షణాలు లేవంటే లోపలికి పోలేదని కాదు మేడమ్. ఇంకా తెరుచుకోలేదని. పొట్టలో ఉండగానే తీసెయ్యండి మేడమ్, దణ్ణం పెడతా."

డాక్టరమ్మ ఆ పిల్ల వైపు ఒక్క నిమిషం చూసి, వెంటనే లేచింది. అలవాటు ప్రకారం నర్సు అప్పటికే గ్యాస్ ఇంజెక్షన్ సిద్ధం చేస్తోంది, ఎవరొచ్చినా ముందు పొడిచేదే కదా. "అది వద్దు సిస్టర్. పొట్టలో యాసిడ్ తగ్గకూడదు," అని ఆపేసింది డాక్టరమ్మ. నన్ను అడిగింది: "సబ్బునీళ్ళు, ఉప్పునీళ్ళు ఏమన్నా పోశారా?"

"లేదండీ," అన్నాను. నజ్మీన్ చెంప మీద నా వేళ్ళు ఇంకా ఎర్రగా తేలి ఉన్నాయి.

"మంచిపని చేశారు. పాప ఆ గింజలు నమిలి తిన్నదా?"

ఆ ప్రశ్నకు నాకు దిమ్మ తిరిగింది. నమిలితే? పంటి కింద పడి పగిలితే? ఇక పులుపేం కాపాడుతుంది? ఇదెందుకు తట్టలేదు నాకు? అప్పుడు నా పిల్ల అన్నం తినే తీరు కళ్ళ ముందుకొచ్చింది. పుట్టి పళ్ళొచ్చిన దగ్గర్నుంచీ దానితో నాకు ఒకటే గొడవ. "నమలవే! గొడ్లు నయం, మింగింది మళ్ళీ నెమరేస్తయ్, నువ్వు అదీ లేదు" అని రోజుకు రెండుపూటలా తిట్టిపోస్తాను. ముద్ద పెడితే ముద్ద గుటుక్కున మింగేస్తుంది.

"నమలదు మేడమ్," అన్నాను. "చచ్చినా నమలదు." ఆ మాట అంటూ నేను డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్నాను.

నన్ను బయటికి పంపలేదు, పిల్లను పట్టుకోమన్నారు. ముక్కులోంచి గొట్టం వేస్తుంటే అది నా కళ్ళలోకి చూసి చేసిన శబ్దం ఉంది చూశారూ, పగవాళ్ళ తల్లికి కూడా ఆ శబ్దం వినబడకూడదు. వేళ్ళు విడిపించుకుని నా మొహం గీరేసింది. గొట్టంలో నీళ్ళు పంపుతున్నారు, లాగుతున్నారు. పక్కన ఎనామిల్ బేసినులోకి తెల్లటి నీళ్ళు, వడియం ముద్దలు, జీలకర్ర, పొద్దున తిన్న ఇడ్లీ. గొట్టంలో ముద్ద అడ్డం పడితే నర్సు దాన్ని తీసి, ఇంకొంచెం లావుది వేసింది. పిల్లకు అరిచే ఓపిక కూడా పోయింది.

నజ్మీన్ బేసిను పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. డాక్టరమ్మ ఇచ్చిన తొడుగులు వేసుకుని, ఆ నీళ్ళలో వేళ్ళతో వెతుకుతోంది. సగ్గుబియ్యం నొక్కితే మెత్తగా చిదిమిపోతోంది. ఒకటి మాత్రం చితకలేదు. ట్యూబ్‌లైటు వెలుగుకు పైకెత్తి చూసింది. ఆవగింజంతకు ముడుచుకుని, గట్టిగా, చెక్కుచెదరకుండా ఉంది. ఇంకోటి. ఇంకోటి. ఒక్కొక్కటీ తీసి గాజుగ్లాసులో వేస్తోంది. నేను పిల్ల తల పట్టుకుని నజ్మీన్ మొహమే చూస్తున్నాను. ఆ మొహంలో ఏం కనబడితే నా బతుకు అదే.

"మూసుకునే ఉన్నయ్ అక్కా," అంది. ఆ పైన ఆ నీళ్ళ బేసిను ముందే తల వంచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అయిపోలేదు. అన్నీ వచ్చాయని ఎవరు చెప్పగలరు? ఒకటో రెండో కిందికి జారి ఉండొచ్చు, తెల్లారేదాకా చూడాలన్నారు. ఆ రాత్రి సంగతి నేను చెప్పను. చెప్పడానికి ఏమీ లేదు కూడా, పిల్ల ఊపిరి వింటూ కూర్చున్నాం. రాత్రి పొద్దుపోయాక గాని కబురందని కోటేష్ పొద్దున్నే గడ్డం మాసి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని వచ్చి మంచం దగ్గర నిలబడేసరికి, హన్షి కళ్ళు తెరిచి "నాన్నా, ఇడ్లీ" అంది. ఒకటీ అరా జారినా ప్రమాదమయ్యేంత మందు కాదని, గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది. హన్షి ఇడ్లీ ముక్క గుటుక్కున మింగింది. అలవాటు చొప్పున తిట్టబోయి నోరు తెరిచాను. ఇంకో ముక్క తుంచి పెట్టాను.

ఇంటికొచ్చాక నజ్మీన్ బట్టలు సర్దుకుంటోంది. గుమ్మంలో నిలబడి "ఎక్కడికి?" అన్నాను. "ఇంకెట్టా ఉంటానక్కా ఈ ఇంట్లో," అంది. ఆ చెంప వైపు చూడలేక చూశాను. "సద్దింది చాలు గానీ కిందికి రా, అన్నం తిందువుగాని. నువ్వు పోతే మా చేలో ఆ రెండు సాళ్ళూ ఎవడు వేస్తాడు?" అన్నాను. సంచిలో బట్టలు అట్లాగే వదిలేసి నా వెనకే మెట్లు దిగింది. ఆ పూటే కోటేష్ మంచం కింద డబ్బాలన్నీ తీసి, చేలో మోటారు గదిలో పెట్టి తాళం వేశాడు.

వారం తర్వాత కాలేజీలో ఆ గింజలకు పరీక్ష పెట్టారు. పుల్లటి నీళ్ళలో ఒక్కటీ కారలేదట. వాళ్ళ సారు శభాష్ అని చప్పట్లు కొట్టాడట. నజ్మీన్ బయటికి వెళ్ళి వాంతి చేసుకుందట. ఆ ఫలితం తను అంతకుముందే ఎక్కడ చూసిందో సారుకు మాత్రం చెప్పలేకపోయింది. ఆ తర్వాత నుంచి గింజలకు నీలిరంగు కలుపుతోంది, నోట పెట్టగానే ఉమ్మేసేంత చేదు కూడా కలుపుతోంది. చేదు సరిపోయిందో లేదో ఖాళీ గింజను ముందు తన నాలుక మీదే పెట్టుకుని చూసుకుంటుంది. చూసినప్పుడల్లా కళ్ళ వెంట నీళ్ళు కారతాయి. డాబా మీద మాత్రం మళ్ళీ ఎన్నడూ ఆరబోయలేదు.

నజ్మీన్ తేరుకుంది, నేనూ ఏదో తేరుకున్నాను. మా అత్తయ్యే తేరుకోలేదు. పిల్లకు ముద్ద కలిపి పెట్టడం మానేసింది. "నా చేతులు మంచివి కావే," అంటుంది. అడిగీ అడిగీ ఊరుకున్నాం.

పోయిన వారం మళ్ళీ అట్లాగే మధ్యాహ్నం పూట మబ్బు కమ్మింది. గాలి లేచింది. నేను పొయ్యి ఆర్పి పైకి పరిగెత్తాను. అత్తయ్య అప్పటికే డాబా మీదుంది. కానీ దేన్నీ ఎత్తడం లేదు. పక్కింటి మిరపకాయలు దొర్లిపోతున్నాయి, మా వడియాల పంచె ఒక కొస లేచి కొట్టుకుంటోంది. ఆవిడ మధ్యలో నిలబడి, రెండు చేతులూ గుండెకు అదుముకుని, "ఎవరివి వాళ్ళు ఎత్తుకోండే! నేను ముట్టను! రండే, ఎత్తుకోండే!" అని ఏడుస్తూ వీధిలోకి కేకలు పెడుతోంది. చినుకులు మొదలయ్యాయి. వీధిలో అందరివీ జీవితమంతా ఎత్తిన మనిషి, తన వడియాలు తన కళ్ళ ముందు తడుస్తుంటే కదల్లేకపోయింది.

అప్పుడు నజ్మీన్ పైకొచ్చింది. పైన ఉరుములు, ఆ పిల్లకు ఉరుమంటే ఎంత భయమో మీకు చెప్పాను. ఒక్కొక్క ఉరుముకూ ఉలిక్కిపడుతూనే అత్తయ్య దగ్గరికి వెళ్ళి, ఆవిడ రెండు చేతులూ గుండె మీంచి విడదీసి, పంచె దగ్గరికి తీసుకుపోయి, వడియాల మీద పెట్టింది.

"ఇవి వడియాలే మామ్మగారూ. ఉత్త సగ్గుబియ్యం. నేను చూశా. ఎత్తండి."

అత్తయ్య ఒక వడియం ఒలిచి చూసింది. మళ్ళీ చూసింది. ఆ పిల్ల మొహంలోకి చూసింది. "నిజమేనంటే?" అంది.

నజ్మీన్ ఆవిడ చేతిలోంచి ఆ వడియం తీసుకుని, నోట్లో పెట్టుకుని, నమిలింది. అప్పుడు మా అత్తయ్య వంగి పంచె చుట్టడం మొదలుపెట్టింది. నేను పక్కింటివాళ్ళ మిరపకాయలు ఎత్తాను.